రుమాలు కింద మెక్సికో

ఉదయం ఐదూ పదికి మా పెద్దబాపు గేటు గొళ్లెం తీసి చూసేవాడు. తీసి, వేసి, మళ్ళీ ఒకసారి లాగి చూసేవాడు. రాత్రి తానే వేసిన గొళ్లెం పొద్దుటికి తాను వేసినట్టే ఉందా లేదా అన్నది ఆయన మొదటి పరీక్ష. అది అయ్యాకే ముఖం కడుక్కునేవాడు. నాకు మొదటి ఉద్యోగం దొరికి, న్యాల్‌కల్ దగ్గరి మా ఊరి నుంచి జహీరాబాద్ వచ్చి, ఆయన ఇంటి ముందరి గదిలో దిగిన రోజులవి. ఆ రోజులు బాగుండేవని ఈమధ్య మావాళ్ళు తరచూ అంటున్నారు. నేను ఒప్పుకోను. నిద్ర ఉండేది కాదు. గేటు నా కిటికీకి ఆనుకునే ఉండేది. అయినా ఇన్నేళ్ళ తర్వాత ఆ చప్పుడు గురించి రాయాలని కూర్చున్నానంటే కారణం ఒకటే. అది వినపడని ఇల్లు నాకు ఇంకా అలవాటు కాలేదు.

పెద్దబాపు మా నాన్నకు అన్న. అల్లం పండించేవాడు, తోటి రైతుల అల్లం కొని అమ్మేవాడు కూడా. ఆయన నమ్మనివి చాలా ఉండేవి. ఇతరుల తరాజు నమ్మేవాడు కాదు. టీవీలో చెప్పే వాన నమ్మేవాడు కాదు. పొద్దున్నే నవ్వుతూ ఎదురొచ్చే మనిషిని అసలు నమ్మేవాడు కాదు. నేను ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి నన్ను 'పంతులు' అనేవాడు, అందులోనూ సగం అనుమానమే.

"భూమి గుండ్రంగుందని పోరగాండ్లకు చెప్తవట గద పంతులూ?"

"అవును పెద్దబాపూ."

"నువ్వు జూసినవా?"

"లేదు."

"జూడకుంటనే చెప్తున్నవ్. జీతం ఇస్తున్నరు." (ఆ నెల జీతం ఆలస్యమైంది. ఆయన దానికీ ఆశ్చర్యపోలేదు.)

అటువంటి మనిషి నమ్మింది ఒక్కటే, బేరం. అదీ నోటితో చేసే బేరం కాదు. మా అల్లం అంగట్లో అప్పటి పెద్దవాళ్ళు రుమాలు కింద బేరం చేసేవారు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని, తలకు చుట్టిన రుమాలు విప్పి ఇద్దరి చేతుల మీద కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవరికీ తెలియదు. కుదిరితే "అయింది" అంటారు, లేకపోతే లేచిపోతారు. కింద ఏం నడిచిందో తర్వాత కూడా ఎవరికీ చెప్పరు, అది కట్టుబాటు. "ముఖం అబద్ధం ఆడుతది, చెయ్యి ఆడది" అనేవాడు పెద్దబాపు. ఆయన ఎక్కువగా బేరం చేసేది సరిహద్దు అవతలి నుంచి వచ్చి మా వీధి చివర స్థిరపడిన వ్యాపారితో. ఆయన్ని మేము బీదర్ కాక అనేవాళ్ళం. వాళ్ళిద్దరి చేతులు ముప్ఫై ఏళ్ళుగా ఒకే రుమాలు కింద ఉన్నాయి. అయినా బీదర్ కాక మా ఇంటికి చాయ్‌కి వస్తే, ఆయన వెళ్ళేదాకా పెద్దబాపు అల్లం కొట్టం తలుపు వైపే కూర్చునేవాడు.

ఆ ఏడు పెద్దబాపు అల్లం బాగా పండింది. తవ్వకాల్లో లావు లావు కొమ్ములు ఏరి, వచ్చే పంటకు విత్తనంగా దాచాడు. ఎక్కడ దాచాడో ఎవరికీ చెప్పలేదు, పెద్దమ్మకు కూడా. అందరూ గుంతలో దాస్తారు, ఆయనకు గుంత మీద నమ్మకం లేదు. గోనెసంచి నడిమధ్యలో అల్లం పెట్టి, చుట్టూ, మీదా ఎండు చెరుకాకు దట్టంగా కూరి, మూతి కుట్టి, కొట్టంలో దూలానికి మోకుతో వేలాడదీశాడు. చూసినవాళ్ళకు అది చెరుకాకు సంచి. ఎలుకలకు అందదు. దొంగకు అక్కర్లేదు. ఆ సంచి సరిగ్గా మనిషి ఛాతీ ఎత్తున వేలాడేది.

ఇప్పుడు మా చెల్లె సంగతి. పెద్దబాపు ఒక్కగానొక్క బిడ్డ, నాకంటే చిన్నది, డిగ్రీ చదువుతుండేది. ఆమెకు ఆ రోజుల్లో కావలసింది ఒక్కటే. హైదరాబాదులో బాక్సింగ్ ఎంపిక పోటీలు జరగబోతున్నాయి, వాటికి పోవడానికి బాపు 'సరే' అనాలి. టౌన్‌లో బడి మైదానంలో సాయంత్రాలు నేర్పే ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన, మేము ఫౌజీ సారు అనేవాళ్ళం, "మీ బాపు ఒప్పుకుంటెనే తీస్కపోత, లేకుంటె లేదు" అని ముందే చెప్పాడు. ఆమె ఆరునెలలుగా బాక్సింగ్ నేర్చుకుంటోందన్న సంగతే బాపుకు తెలియదు, కుట్టు నేర్చుకుంటోందనుకున్నాడు. ఇదంతా నాకూ తర్వాతే తెలిసింది. మీకు ముందే చెప్తున్నాను. అనుమానపడటం పెద్దబాపు హక్కు, చదివేవాళ్ళ బాధ్యత కాదు.

మాకు అప్పట్లో కనిపించినవి వేరు. చెల్లె రాత్రి అన్నం మానేసింది, రెండు జొన్నరొట్టెలు తిని లేచేది. పొద్దున గొళ్లెం పరీక్ష అవగానే "నడకకు పోత బాపూ" అని బూట్లు వేసుకుని బయటికి పోయేది. ఇంట్లో గుడ్లు తొందరగా అయిపోయేవి. పెద్దబాపు పాత రుమాలు ఒకటి కనపడకుండా పోయింది (చాకలాయన మీద అనుమానం). బావి మోకులో ఒక ముక్క కోసి ఉంది (పక్కింటి గొల్లాయన మీద అనుమానం). ఆమె వేళ్ళ కణుపులు కమిలి ఉండేవి. అడిగితే "బండకు తగిలింది" అనేది. చేతులు అల్లం వాసన వచ్చేవి, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా ఇంట్లో దేవుడి పటాలు కూడా అల్లం వాసనే వచ్చేవి.

అన్నిటికంటే పెద్దది ఫోన్. ఆమె ఫోన్‌లో ఒక మగగొంతు మాట్లాడేది. పెద్దబాపు తలుపు సందున నిలబడి విన్నాడు. మా ఊళ్ళో ఎవరైనా తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ అర్థం చేసుకుంటారు, బండి మీద కూరగాయలమ్మే ఆమె కూడా. అందుకే ఐదో భాష వినపడితే అది దాచి మాట్లాడేదనే లెక్క.

"నాలుగింట్ల ఏదీ కాదు పంతులూ. రోజూ గదే గొంతు. ఆమె మాట్లాడది, ఊకె వింటది. మాట్లాడకుంట వింటుందంటె అర్థమేంది?"

"ఏంది పెద్దబాపూ?"

"ఒప్పుకున్నదని." గొంతు తగ్గించి అన్నాడు, "రేపు నువ్వు ఆమె ఎంబడి పో. ఆమెకు ఎర్క కావొద్దు."

నేను చాలా పుస్తకాలు చదివాను కాబట్టి ఒక మనిషిని వెంబడించడం ఎలాగో నాకు తెలుసనుకున్నాను. మర్నాడు చెప్పులేసుకుని బయల్దేరాను. ఆమె వీధి దాటేదాకా నడిచింది. బాంబే హైవే ఎక్కగానే ఉరికింది. నేనూ ఉరికాను. చెరుకు లారీలు పక్కనుంచి పోతున్నాయి, ఒక క్లీనర్ కిటికీలోంచి తల బయటపెట్టి "బస్సు తప్పిందా సార్?" అని అడిగాడు. చాయ్ హోటల్ దాకా పోయేసరికి నా ఊపిరి నా దగ్గర లేదు. బెంచీ మీద కూర్చున్నాను. ఒక చాయ్ చెప్పాను. అది తాగి, ఇంకోటి చెప్పేలోపు ఆమె ఎంతో దూరం పోయి, తిరిగి నా ముందు నుంచే ఉరుకుతూ వచ్చి, "ఏమన్నా, పేపర్ చదువుతున్నవా?" అని ఆగకుండానే అడిగి పోయింది. నా చేతిలో పేపర్ తలకిందులుగా ఉందని అప్పుడు చూసుకున్నాను.

"ఎటు వోయింది?" అన్నాడు పెద్దబాపు.

"సీదా పోయింది. సీదా వచ్చింది."

"నువ్వెందాక పోయినవ్?"

"చాయ్ హోటల్ దాంక."

ఆయన నా చెప్పులకేసి చూశాడు. "పంతులూ, నువ్వు కూడ ఆమెతోని కలిసినవా?" అన్నాడు. ఆ రోజు నుంచి అనుమానితుల్లో నేనూ ఉన్నాను.

సంగతి అక్కడే ఆగేదేమో. కానీ ఒక పొద్దున అంగట్లో బీదర్ కాక చాయ్ తాగుతూ మామూలుగా అడిగాడు. "ఏన్రీ, మీ కొట్టంల పొద్దుగాల ఏం దంచుతున్నరు? ధబ్ ధబ్ అని నా ఇంటిదాంక వినవడుతున్నది."

పెద్దబాపు ముఖంలో ఏమీ కనపడలేదు. "పసుపు" అన్నాడు. ఇంటికి వచ్చాక మాత్రం నన్ను పెరట్లోకి పిలిచాడు. తాను చేనుకు పోయిన తర్వాత కొట్టంలో ఏదో నడుస్తోంది, అది బీదర్ కాకకు తెలుసు, తనకు తెలియదు. "విత్తనం మీద కన్నేసిండు వాడు. మనిషిని పెట్టిండు. లోపల వెతుకుతున్నరు. గోడ తవ్వుతున్నరు. ధబ్ ధబ్ అంటె తవ్వుడే." ఆ ఐదో భాష మనిషి, చెల్లె, బీదర్ కాక ముగ్గురూ ఆయన ఆలోచనలో ఆ సాయంత్రానికల్లా ఒకే ముఠా అయ్యారు. సొంత బిడ్డ తన విత్తనపు అల్లం కోసం ఎవరితోనో కలిసిందని నిజంగా నమ్మాడా అంటే, నమ్మలేదనుకుంటాను. నమ్మకపోవడమే ఆయన పద్ధతి కదా. కానీ ఆ రాత్రి ఆయన రొట్టె సగమే తిన్నాడు.

మర్నాడు మామూలుగానే గొళ్లెం చూశాడు, మామూలుగానే మోపెడ్ స్టార్ట్ చేసి చేనుకు పోయాడు. వీధి మలుపు తిరిగాక బండి ఆపి, వెనక దారిన నడిచి కొట్టంలోకి వచ్చాడు. ఆయన చెప్పినట్టే నేను అప్పటికే అక్కడ ఖాళీ గంపల వెనక కూర్చుని ఉన్నాను. ఆ ఏడు శివరాత్రి దాటినా పొద్దుటి చలి పోలేదు. పెద్దబాపు అల్లం చేనులో చలికి చేసినట్టే, ఒక గోనెసంచిని ఒక మూల లోపలికి మడిచి, కొప్పెరలా తల మీదుగా మోకాళ్ళ దాకా కప్పుకున్నాడు. అలా కప్పుకుని గోడకు ఆనుకుని నిలబడితే ఆ చీకట్లో ఆయనా ఒక సంచే. ఆ ఉపాయానికి తనలో తాను సంతోషించాడని నాకు అర్థమైంది, ఎందుకంటే కొప్పెర లోపలి నుంచి "జూడు ఇగ" అన్న మాట వినపడింది.

చెల్లె వచ్చింది. ఫోన్‌ను కిటికీ గూట్లో నిలబెట్టింది. ఒక తెల్లగుడ్డ పేలికలు చేతులకు చుట్టుకుంటోంది. (రుమాలు దొరికింది. చాకలాయన నిర్దోషి.) ఫోన్‌లోంచి ఆ మగగొంతు మొదలైంది. ఆమె దూలానికి వేలాడుతున్న సంచి ముందు నిలబడి, అటూ ఇటూ అడుగులేస్తూ దాన్ని గుద్దడం మొదలుపెట్టింది. ధబ్. ధబ్. నాకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. పెద్దబాపుకు ఆ గొంతు తప్ప ఏమీ వినపడలేదనుకుంటాను. మనిషి లోపలే ఉన్నాడనుకున్నాడు. "ఎవడ్రా నువ్వు!" అంటూ కొప్పెరతోనే కిటికీ వైపు దూకాడు.

చెల్లె వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఆమె సంచి చుట్టూ పక్కకు జరుగుతూ ఉంది, వెనక నుంచి ఇంకో సంచి అరుస్తూ మీదికి వచ్చింది. ఆలోచించే సమయం లేదు. ఆమె ఎడమ చెయ్యి అప్పటికే నేర్చుకున్న దారిలో పోయి, ఆ రెండో సంచికి కుడి పక్కటెముకల కింద తగిలింది.

పెద్దబాపు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూర్చున్నాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆయన ఏ ప్రశ్నా అడగకుండా అంతసేపు ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. కొప్పెర జారింది. "బాపూ!" అని చెల్లె మోకాళ్ళ మీద కూలబడింది. నేను గంపల వెనక నుంచి లేచి, ఏం చేయాలో తెలియక ఫోన్ ఆపాను. ఆయనకు ఊపిరి తిరిగింది. మొదటి మాట ఇది:

"వాడెటు వోయిండు?"

"ఎవలు బాపూ?"

"గా మాట్లాడినోడు."

"ఆయన ఈడ లేడు బాపూ. మెక్సికో ఆయన. బాక్సరు."

ఆయన నా వైపు తిరిగాడు. "మెక్సికో ఏ దిక్కు పంతులూ? బాంబే దాటినంకనా?"

"అమెరికా కింద పెద్దబాపూ."

"ఈడ ఏ లాడ్జిల దిగిండు?"

"ఎక్కడా దిగలె, ఫోన్ల ఉంటడు" అంది చెల్లె ఏడుస్తూ.

"ఫోన్ల ఉండేటోళ్ళే ఎక్కువ మోసం జేస్తరు." పక్కటెముకలు పట్టుకుని లేవబోయి, అప్పుడు చూశాడు తన సంచిని. అది ఇంకా కొంచెం ఊగుతోంది. ముందుకు ఉబ్బి, కింద మెత్తగా జారి, గోనె మీద తడి మరక కూడా కట్టి ఉంది. "దాన్నెవరు ముట్టిన్రు?" అన్నాడు. ఆ గొంతు మునుపటిది కాదు.

నేనే మోకు విప్పి దించాను. ఆయనే కుట్టు కోశాడు. పైన చెరుకాకు, దాని కింద ఇంకా చెరుకాకు, దాని కింద నలిగి, నారలు తేలి, కొంత కుళ్ళి, కొంత ఎండిన అల్లం. ఎంచి ఎంచి ఏరిన కొమ్ముల్లో ఒక్కటీ మొలకెత్తేలా లేదు. కొట్టమంతా ఘాటు వాసన కమ్మింది.

"అండ్ల అల్లం ఉన్నదా?" అంది చెల్లె. "నేను చెరుకాకే అనుకున్న బాపూ. దినదినం మెత్తగైతుంటె నా చెయ్యి బలమైతున్నది అనుకున్న."

అప్పుడే పెద్దమ్మ వచ్చింది, చేతిలో గిన్నెలో ఉడికించిన గుడ్లతో. మా ముగ్గుర్నీ, సంచినీ చూసింది. ఆమెకు అన్నీ తెలుసని ఆ గిన్నె చూస్తేనే తెలిసిపోయింది. పెద్దబాపు ఆమె వైపు అన్యాయమైపోయిన మనిషిలా చూశాడు.

"నీకు ఎర్కేనా?"

"గుద్దుడు ఎర్కే. అల్లం ఎర్క లేదు. నువ్వు చెప్తివా?"

"చెప్తె దొంగలు ఎత్తుకపోతరని..."

"దొంగలు ఎత్తుకపోయినా మంచిగుండె" అంది పెద్దమ్మ. "వాండ్ల చేన్లనన్న మొలుస్తుండె."

పెద్దబాపు పక్కటెముకలు పట్టుకుని లేచాడు. వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెల్లె ఎదురుగా నిలబడి, ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అంతా చెప్పింది. కుట్టు అబద్ధమని, ఫౌజీ సారు నేర్పుతున్నాడని, బావి మోకు ముక్క తాడాట ఆడటానికి తానే కోసిందని, అక్కడున్న ఒక్క సంచీ చినిగిపోయిందని, ఈ ఆదివారమే హైదరాబాదులో ఎంపిక అని, బాపు 'సరే' అనకపోతే సారు తీసుకుపోడని. మా విత్తనం పోయిన పొద్దున అడగవలసిన మాట కాదది. ఆమెకూ తెలుసు. కానీ ఆదివారం ఆగదు కదా.

పెద్దబాపు ఫోన్ వైపు చెయ్యి చాపి, "ముందు వాన్ని చూపియ్" అన్నాడు.

ముగ్గురం ఫోన్ మీదికి వంగాం. తెర కింద ఇంగ్లీషులో వస్తున్నదాన్ని నేను తెలుగు చేస్తున్నాను. బక్కగా ఉన్న మనిషి, ముక్కు ఒకసారి విరిగి సరిగా అతకలేదు. తల్లి బజార్లో మక్కరొట్టెలు అమ్మేదట. తెల్లారకముందే కొండెక్కి ఉరుకుతాడట.

"ఆపు" అన్నాడు పెద్దబాపు. "కొండ ఎందుకెక్కుతడు? బాట లేదా?"

"పైన గాలి పలచగ ఉంటది పెద్దబాపూ. ఆడ ఉరికి అలవాటైతె కింద అలసట రాదు."

ఆలోచించాడు. "మంచిదే. అండ్ల మోసం లేదు. నడుపు."

మనిషికి తల మీద కొడితే కోపం వస్తుంది, కాలేయం మీద కొడితే ఆలోచన పోతుంది అన్నాడు ఆ మెక్సికో ఆయన, చెయ్యి తన పక్కటెముకల కింద పెట్టి చూపిస్తూ. పెద్దబాపు తెలియకుండానే తన కుడి పక్క పట్టుకున్నాడు. "కార్జం" అన్నాడు మెల్లగా. "నిజమే చెప్తున్నడు." ఆ తర్వాత అతని కోరికలు వచ్చాయి. ప్రపంచ బెల్టు గెలవాలి. తాను నేర్చుకున్న చోట వానకు కురుస్తుంది, దానికి పైకప్పు వేయించాలి. ఇదంతా ఎవరి కోసం అని అడిగితే, మా అమ్మ కోసం అన్నాడు.

"ఆపు." పెద్దబాపు వెనక్కి వాలాడు. "ఇది అబద్ధం. దొరికినోడల్లా అమ్మ కోసమే అంటడు. అడుగు వాన్ని, అమ్మ వద్దంటె మానుకుంటడా?"

"ఫోన్ల అడగరాదు పెద్దబాపూ."

"అయితె ఈమెను అడుగుత." బిడ్డ వైపు తిరిగాడు. "నీ సంగతేంది? నేను వద్దంటె మానుకుంటవా?"

మానుకుంటానని చెప్తే బతికిపోతుందని నేను కళ్ళతో సైగ చేశాను. పెద్దమ్మ కూడా చేసింది. చెల్లె ఎవర్నీ చూడలేదు.

"మానుకోను బాపూ."

"సారు తీస్కపోడు గద."

"ఈ పారి పోను. మానుకోను."

పెద్దబాపు తల ఊపాడు. "ఆరునెలల్ల ఇది ఒక్కటి నిజం చెప్పినవ్" అన్నాడు. తలకున్న రుమాలు విప్పాడు. ముందుకు వంగి, "ఇటు రా. చెయ్యియ్యి" అన్నాడు.

"బిడ్డతోని బేరమా?" అంది పెద్దమ్మ.

"నువ్వు ఊకో."

ఆయన ఆడవాళ్ళతో అలా బేరం చేయగా ఎవరూ చూడలేదు, ఇంట్లో చేయడమూ ఎవరూ చూడలేదు. చెల్లె కింద కూర్చుని చెయ్యి ముందుకు పెట్టింది. ఆయన రుమాలు కప్పాడు. నేను ఆయన ముఖం చూశాను. బేరంలో ఆయన ముఖంలో ఏమీ కనపడేది కాదు, ఆ రోజూ కనపడలేదు. కానీ రుమాలు కింద చాలాసేపు ఏ కదలికా లేదు. వేళ్ళు పట్టుకుని లెక్క చెప్పాల్సినవాడు ఆమె కణుపులు ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడని నాకు తర్వాత తోచింది. అల్లం కొమ్మును కూడా ఆయన అలాగే చూసేవాడు, కళ్ళు పక్కకు తిప్పి, వేళ్ళతోనే. ఆ తర్వాత గుడ్డ కదిలింది. ఆయన ఏదో అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె తగ్గలేదు. చివరికి "అయింది" అన్నాడు, రుమాలు దులిపి తలకు చుట్టుకున్నాడు.

విత్తనం కోసం ఆ మధ్యాహ్నమే బీదర్ కాక ఇంటికి పోయాడు. అంతకంటే కష్టమైన నడక ఆయన నడిచి ఉండడు. ఏమైంది మీ విత్తనం అని కాక అడిగితే, ఎలుకలు అన్నాడు. "ఎలుకలు గుద్దుతయేన్రీ?" అన్నాడు కాక. ఇద్దరూ రుమాలు కప్పుకున్నారు.

ఆదివారం నాకు బడి లేదు కాబట్టి నన్నూ తీసుకుపోయారు. పెద్దబాపు ఆ హాల్లో అడుగుపెట్టింది మొదలు ప్రతిదాన్నీ అనుమానించాడు. అవతలి పిల్ల గ్లౌజులు బరువుగా ఉన్నాయన్నాడు. నీళ్ళ సీసా మూత ముందే తీసి ఉందన్నాడు. "గా తెల్ల అంగీ ఆయన ఎందుకు నవ్విండు?" అని రెఫరీ మీద ఫౌజీ సారును నిలదీశాడు. గంట మోగాక మాత్రం కుర్చీలోంచి లేచి, హాలంతా తిరిగి చూసేలా ఒకటే అరిచాడు: "ముఖం జూడకు బిడ్డా! చెయ్యి జూడు!"

రెండో రౌండులో చెల్లె ఎడమ చెయ్యి మాకందరికీ తెలిసిన దారిన పోయింది. అవతలి పిల్ల నిలబడ్డదల్లా కూర్చుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే పెద్దబాపు తన పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, "పాపం. ఆ పిల్లకు జర నీళ్ళియ్యున్రి. మాట రాదు దానికి" అన్నాడు. హాల్లో ఆ బాధ తెలిసినవాడు ఆయనొక్కడే కాకపోవచ్చు, కానీ చెప్పింది ఆయనొక్కడే.

మధ్యాహ్నం రెండో పోటీలో చెల్లె ఓడిపోయింది. ఎంపిక కాలేదు. వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన నిద్రపోయింది, ఒక కన్ను వాచి ఉంది. సదాశివపేట దాటాక పెద్దబాపు నా వైపు వంగి అడిగాడు.

"పంతులూ, గెలిచిన పిల్ల మంచిగనే కొట్టింది గద?"

"మంచిగనే కొట్టింది పెద్దబాపూ."

"అంటె అనుమానం లేదు."

"లేదు."

"సరె" అన్నాడు. ఆయనకు అది అలవాటు లేని స్థితి. కాసేపు అటూ ఇటూ కదిలి, కండక్టర్ ఇచ్చిన చిల్లర మరోసారి చూసుకుని, ఆయనా నిద్రపోయాడు. మర్నాడు చెల్లె కొట్టంలోకి పోయేసరికి దూలానికి ఒక కొత్త సంచి వేలాడుతోంది. ఆమె నమ్మలేదు. కుట్టు విప్పి లోపల చెయ్యి పెట్టి చూసింది. అడుగుదాకా చెరుకాకే. బాపు బిడ్డే అనుకున్నాను.

తర్వాతి ఏళ్ళలో ఆమె గెలిచింది, ఓడింది, ఎంపికైంది కూడా. ఇప్పుడు ఒక ఆడపిల్లల గురుకులంలో ఆటలు నేర్పుతోంది. మెక్సికో ఆయనకు బెల్టు ఇంకా రాలేదు. పైకప్పు మాత్రం పడిందట.

పెద్దబాపు కిందటి వానాకాలంలో చనిపోయాడు. దవాఖానలో చివరి వారం కూడా సెలైన్ సీసా మీది తేదీ నాతో చదివించుకుని, నేను చదివింది నమ్మక నర్సుతో మళ్ళీ చదివించాడు. దినాలు అయ్యాక చెల్లెను అడిగాను, ఆ రోజు రుమాలు కింద ఏం బేరం కుదిరిందని. "బేరం అయినంక చెప్పరు గదన్నా" అంది. ఆయన రుమాలు ఆమె దగ్గరే ఉంది. నేను ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాను. పొద్దున లేచి గేటు గొళ్లెం లాగి చూస్తాను. ఇంకోసారి కూడా లాగుతాను. ఏం చూస్తున్నావని ఇంట్లో అడుగుతారు. ఆ రోజుల్లో పేపర్ తలకిందులుగా పట్టుకుని గూఢచారినని నమ్మిన ఆ కుర్రాడికి కూడా ఇది నవ్వు తెప్పిస్తుంది.

దినాల నాడు బీదర్ కాక వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, అలవాటు కొద్దీ తన రుమాలు మీద కప్పాడు. వేళ్ళు ఏ లెక్కా చెప్పలేదు. రుమాలు తీస్తూ, "నీకు ఈ లెక్క రాదు గదా" అన్నాడు.

"రాదు కాకా" అన్నాను.

మా అంగట్లో ఇప్పుడు ధర ఫోనులో వస్తుంది. రుమాలు కింద బేరం చేయరు.